గ్రైండరు చాటు సంగటి

పోయిన నెల మా ఇంటికి కొత్త కరెంటు మీటరు బిగించడానికి ఒకాయన వచ్చాడు. గోడ మీది పాత మీటరు ఊడదీసి, దుమ్ము దులిపి, "చూడండి మేడం, ఇట్లాటివి ఇంక యాడా దొరకవు" అంటూ ఒకసారి నాకు చూపించాడు. నల్లటి డబ్బా, ముందర అద్దం, అద్దం వెనక అంచు మీద ఎర్ర గుర్తున్న పలచటి చక్రం. కొత్తదాంట్లో చక్రం యాడుండాదప్పా అని అడిగితే నవ్వి, "దీంట్లో చక్రం ఉండదు, అన్నీ అంకెలే. మీ ఫోనులోనే చూసుకోవచ్చు" అన్నాడు. నేను పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ పాఠాలు చెప్పి రిటైరైన మనిషిని. ఆ సంగతి ఆయనకు తెలియదు గనక, యూనిట్టు అంటే ఏమిటో నాకు ఓపిగ్గా వివరించాడు. నేనూ అంతే ఓపిగ్గా విన్నాను. ఆయన పాత మీటరును సంచిలో వేసుకుని వెళ్ళిపోయాక కాఫీ పెట్టుకుని కూర్చుంటే, చాలా ఏళ్ళుగా గుర్తు రాని సుంకమ్మవ్వ గుర్తొచ్చింది. ఆ చక్రం ముందు ఆమె కూర్చున్నంతసేపు ఈ జిల్లాలో ఏ ఇంజనీరూ కూర్చుని ఉండడు.

సుంకమ్మవ్వ మాకు బంధువేమీ కాదు. అనంతపురం ఊరు అయిపోయి చీనీ తోటలు, అంటే బత్తాయి తోటలు, మొదలయ్యే చోట ఆమెకు ఒక మట్టి మిద్దె ఉండేది. పొద్దున పూట ముందు వసారాలో ఇడ్లీలు, దోసెలు అమ్మేది. వెనక గది చదువుకునే ఆడపిల్లలకు బాడుగకు ఇచ్చేది. మాది గార్లదిన్నె దగ్గర పల్లె. నాకు పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ సీటొచ్చిందని తెలిసినప్పుడు "ఆడపిల్లకు కరెంటు చదువేందప్పా" అని ఊళ్ళో అడగనివాళ్ళు లేరు. మా నాయన అందరికీ ఒకటే జవాబు చెప్పేవాడు: "బోరు మోటరు కాలినప్పుడల్లా అనంతపురం మోసకపోతాండాను. ఆ రిపేరేదో ఇంట్లోనే ఉంటే మేలు కదా." నన్ను అవ్వ ఇంట్లో దించిన రోజు మాత్రం ఆమె ఎదుటే నాతో ఇంకో మాట కూడా అన్నాడు. "ఈ యమ్మ నీ మీద ఒక్క మాట చెప్పి పంపినా చాలు, చదువు చాలించి ఇంటికి రావాల్సిందే." అవ్వ వక్కాకు నములుతూ తలాడించింది. ఆ తలాడించడంలో నా మూడేళ్ళ చదువు మొత్తం ఆమె గుప్పిట్లోకి పోయినట్టు నాకనిపించింది.

అదే గదిలో నాతో పాటు నూర్జహాన్ ఉండేది. తాడిపత్రిలో వాళ్ళ నాయన బండలు పాలిష్ చేసే మిషను మీద పనిచేసేవాడు. పిల్ల పిడికెడంత ఉండేది, భయమనేది మాత్రం ఏ మూలా ఉండేది కాదు. మా తరగతిలో ఆడపిల్లలం మేమిద్దరమే. నేను సూత్రాలన్నీ కంఠతా పట్టేదాన్ని, ఆమె కనిపించిన ప్రతి వస్తువునూ విప్పి చూసేది. ఇద్దరం కలిస్తే ఒక పూర్తి ఇంజనీరు అవుతామని మా సారొకాయన అనేవాడు. మెచ్చుకున్నాడో వెక్కిరించాడో మేం అడగలేదు.

అవ్వ దినచర్య అంతా వాసనలతోనే తెలిసేది. తెల్లవారేసరికి పెనం మీద నూనె వాసన, కాస్త పొద్దెక్కాక వేయించిన శనక్కాయల వాసన, మధ్యాహ్నం నానబెట్టిన మినప్పప్పు వాసన. సందె వేళ పెద్ద గ్రైండరు వేసేది, దాంతో ఇల్లంతా తడి పిండి వాసన కమ్ముకునేది. ఈ పనులు లేనప్పుడల్లా మీటరు కింద చాప పరుచుకుని, చక్రం వైపు ముఖం పెట్టి కూర్చునేది. ఆమెకు చదువు రాదు. అంకెలు చూసేది కాదు, చక్రం నడక చూసేది. ఒక బల్బు వెలిగితే "నడుస్తాండాది" అనేది. ఫ్యాను కూడా వేస్తే "అడుగులు పెద్దవైనాయి" అనేది. ఒకసారి నూర్జహాన్ తన పంజాబీ డ్రస్సు ఇస్త్రీ చేసుకుందామని స్నేహితురాలి ఇస్త్రీపెట్టె తెచ్చి ప్లగ్గులో పెట్టిందో లేదో, వసారాలోంచి కేక వినిపించింది. "ఏమ్మే, చక్రం ఉరుకుతాండాది. ఎవరు ఏం పెట్టినారు?" ఆ రోజు నుంచీ మా గదిలో ఒక బల్బు, ఒక ఫ్యాను, అంతే. వంటకు కిరోసిన్ స్టవ్వే వాడాలని అవ్వ నియమం.

కిరోసిన్ స్టవ్వు మీద అన్నం ఒండుకోవచ్చుగానీ రాగిసంగటి కుదరదు. పిండి వేసి కట్టెతో గట్టిగా గెలికేసరికి స్టవ్వు గిన్నెతో సహా ఒరిగిపోతుంది. ఏదో ఒకలా కానిచ్చినా ముద్దకు కిరోసిన్ వాసనే. అందుకని నూర్జహాన్ ఊరికెళ్ళి వచ్చేటప్పుడు బట్టల మూట మధ్యలో ఒక కాయిలు స్టవ్వు తెచ్చింది. గాళ్ళున్న తెల్లటి పింగాణీ పలక, గాళ్ళలో చుట్టలు చుట్టిన తీగ, కింద ఇనుప కాళ్ళు. నేలమీద పెడితే ఎంత గెలికినా కదలదు. ఇక చక్రం సంగతి. దానికి ఉపాయం నేను చెప్పాను, ఆ గొప్ప నాదే. సందె వేళ గ్రైండరు తిరుగుతున్నంతసేపూ చక్రం ఎట్లాగూ ఉరుకుతుంది. పైగా అప్పుడు అవ్వ మీటరు కింద ఉండదు, గ్రైండరు పక్కన నిలబడి పిండి లోపలికి తోస్తూ ఉంటుంది. గ్రైండరు మొదలవగానే మేం స్టవ్వు వేయాలి, ఆగకముందే తీసేయాలి. ఇంత తేలికైన దొంగతనం లోకంలో ఇంకొకటి ఉండదనుకున్నాం.

మొదటి సాయంత్రం గ్రైండరు మొదలైంది, మేం స్టవ్వు వేశాం. గ్రైండరు ఆగింది, మేం తీసేశాం. ఎసరు గోరువెచ్చగా ఉంది. తీగ ఎర్రబడనే లేదు, ఎవరో పేరు పెట్టి పిలిస్తే సిగ్గుపడినట్టు కొంచెం రంగు మారి ఊరుకుంది. రెండో సాయంత్రమూ అంతే. పలక మీద మాత్రం వెయ్యి వాట్లు అని దర్జాగా రాసి ఉంది. "అంగడోడు మోసం చేసినాడు" అని నూర్జహాన్ పళ్ళు కొరికింది. మర్నాడు ఆమె వైరు బుట్టలో టిఫిను క్యారియరు కింద ల్యాబులోని వోల్టు మీటరూ ఆంపియరు మీటరూ ఒక రాత్రికి మా గదికి విడిదికి వచ్చాయి.

సందె వేళ రెండూ తగిలించి చూశాం. వోల్టు మీటరు ముల్లు రెండువందల ముప్పై దగ్గర ఉండాల్సింది నూట అరవై దగ్గర నిలబడి వణుకుతోంది. ఆంపియరు మీటరు మూడు చూపిస్తోంది. నేను కంఠతా పట్టిన సూత్రం నా ముందర ఎసరు పెట్టుకుని కూర్చోవడం అదే మొదటిసారి. వోల్టులను ఆంపియర్లతో భాగిస్తే తీగ నిరోధం, యాభై మూడు ఓములు. రెండింటినీ హెచ్చిస్తే స్టవ్వు శక్తి, నాలుగువందల ఎనభై వాట్లు. అంగడివాడు మోసం చేయలేదు. అదే తీగకు నిండు వోల్టేజీ ఇచ్చి ఉంటే వెయ్యి వాట్లూ వచ్చేవే. మా ఇంటి తీగ మీదే వెనక చీనీ తోటల బోరు మోటర్లన్నీ ఉన్నాయి. వానల్లేక తోటలు ఎండుతున్న ఏడాది అది. సాయంత్రం తోటలకు కరెంటు వదలగానే అన్ని మోటర్లూ ఒక్కసారిగా తిరిగేవి, మా దాకా వచ్చేసరికి వోల్టేజీ నీరసించిపోయేది. వోల్టేజీ మూడో వంతు తగ్గితే ఆంపియర్లూ అంతే తగ్గుతాయి, రెండూ కలిసి వేడి సగానికి కూడా లేకుండా పోతుంది.

లెక్క చూసి నూర్జహాన్, "వోల్టేజీ మన చేతిలో లేదు. తీగ మన చేతిలోనే ఉండాది కదా" అంది. పట్టకారుతో తీగను సరిగ్గా సగానికి కత్తిరించి, మిగిలిన సగాన్ని సాగదీసి గాళ్ళ నిండా పరిచింది. తీగ సగమైతే నిరోధమూ సగమే. మళ్ళీ కొలిస్తే అదే నూట అరవై వోల్టులకు ఆంపియర్లు ఆరు. హెచ్చిస్తే వెయ్యికి కాస్త తక్కువ. తీగ దానిమ్మ గింజలా ఎర్రబడింది, గ్రైండరు ఆగేలోపల సంగటి ముద్దలైంది. ఊరిబిండి నంజుకుని తింటూ, ఓము అనే ఆ మహానుభావుడు బతికుంటే ఒక ముద్ద పెట్టి ఉండేవాళ్ళం కదా అనుకున్నాం. మీటర్లు పొద్దున్నే భద్రంగా ల్యాబుకు చేరాయి. మేం చేయకుండా వదిలేసిన లెక్క ఒక్కటే ఉంది. ఈ పొట్టి తీగకు ఎప్పుడైనా నిండు వోల్టేజీ వస్తే ఏమవుతుంది? సాయంత్రం పూట అనంతపురంలో అలాంటిది జరుగుతుందని మాకు తోచలేదు.

నెలల తరబడి మా సంగటి గ్రైండరు చాటున నిక్షేపంగా ఉడికింది. తర్వాత ఒక సందె వేళ, గ్రైండరు వేసిన కాసేపటికి, పడమటి నుంచి చల్లటి గాలి వచ్చి తలుపులు కొట్టుకున్నాయి. ఆ వెంటనే వాన. ఆ ఏడాది అంత వాన అదే మొదటిది. మేం కిటికీ దగ్గరికి పరిగెత్తి చేతులు బయటపెట్టాం. తోటల్లో ఒక్కొక్క మోటరే ఆగిపోవడం చెవులకు తెలుస్తోంది. మా బల్బు ఎప్పుడూ లేనంత తెల్లగా వెలిగింది. "ఎంత బాగుండాదో" అని నూర్జహాన్ దాన్ని మెచ్చుకుంటూ ఉండగానే వెనక స్టవ్వు తీగ ఎరుపు దాటి నారింజ రంగుకు పోయింది. అప్పుడు నాకు ఆ చేయని లెక్క తట్టింది. రెండువందల ముప్పైని ఇరవై ఆరుతో భాగిస్తే దాదాపు తొమ్మిది ఆంపియర్లు, అంటే రెండువేల వాట్లు. దానికి తోడు గ్రైండరు. "తీసెయ్" అనేలోపలే టప్పుమని ఫీజు కాలిన శబ్దమైంది, ఇల్లు చీకటైపోయింది, గ్రైండరు మూలిగి ఆగిపోయింది.

వసారాలోంచి అవ్వ గొంతు వినపడింది. "పక్కిండ్లల్లో లైట్లుండాయి. మనకే పోయినాదే." లాంతరు వెలిగించిన చప్పుడు, అడుగుల చప్పుడు, తర్వాత గుమ్మంలో అవ్వ. దాచడానికి వీల్లేకుండా పోయింది. ఇల్లంతా చీకటైనా, కాగిన తీగ చల్లారడానికి టైము పడుతుంది కదా, గది మధ్యలో మా నేరం ఒక్కటే ఎర్రగా వెలుగుతోంది. దాని మీద గిన్నెలో ఎసరు కుతకుతలాడుతోంది.

"ఇదేందిది?" అంది అవ్వ.

"స్టవ్వు, అవ్వా" అంది నూర్జహాన్.

"స్టవ్వని నాకూ కనపడతాండాది. పొద్దున్నే మూటలు కట్టుకోండి. మీ నాయనోళ్ళకు నేనే కబురు పెడతా."

మా నాయన బస్సు దిగి వసారాలోకి రావడం నా కళ్ళ ముందు ఆడింది. ఆ భయంలో నోటికొచ్చిన మాట అనేశాను. "తప్పు మాది కాదవ్వా, వానది."

వెళ్ళబోతున్న అవ్వ ఆగి లాంతరు నా ముఖానికి దగ్గరగా పెట్టింది. "ఏమంటివి?"

"వాన రాకపోయింటే ఫీజు పోయేది కాదు. నిజంగానే."

"వానకూ ఫీజుకూ ఏం సంబంధమే? ఇంత వయసొచ్చింది, ఇంత మాట నా ఎదురుగా ఎవురూ చెప్పలేదు." నిలబడి వక్కాకు నమిలింది. "సరే, చెప్పు. నాకు అర్థమయ్యేటట్టు చెప్తే ఈడనే ఉండండి. కాకపోతే పొద్దున బస్సే."

నేను గొంతు సవరించుకుని విభవాంతరం, విద్యుత్ ప్రవాహం, నిరోధం అని మొదలుపెట్టాను. పరీక్షలో పూర్తి మార్కులు తెచ్చిన జవాబు అది. "మంత్రాలు వద్దు, తెలుగులో చెప్పు" అంది అవ్వ. అంతలో మట్టి కప్పులోంచి ఒక చుక్క ఆమె నెత్తిన పడింది, ఇంకోటి లాంతరు మీద పడి చుర్రుమంది. "అయ్యో, మిద్దె మీద నీళ్ళు నిలిచినాయి. తూములో గోనెగుడ్డ అట్లనే ఉండాది" అంది. వానల్లేని ఏడాది కదా, ఎలుకలు దూరకుండా నీళ్ళు దిగే తూముకు ఆమే గుడ్డ కుక్కింది. నూర్జహాన్ మారుమాట లేకుండా నిచ్చెన ఎక్కింది. నేనూ అవ్వా గోనె పట్టలు కప్పుకుని పెరట్లో నిలబడ్డాం. తూములోంచి సన్నటి ధార కారుతోంది, కింద బోర్లించిన గిన్నె మీద పడి జారిపోతోంది. నాకు పాఠం కళ్ళముందే దొరికింది.

"నూర్జహాన్, గుడ్డ సగం మాత్రమే పీకు" అని అరిచాను. సగం పీకగానే ధార చేతి మందాన పడి, గిన్నె రెండు పల్టీలు కొట్టి గోడ దాకా దొర్లిపోయింది.

"చూస్తివా అవ్వా. మిద్దె మీద నీళ్ళు ఎంత ఎత్తు నిలిస్తే అంత ఒత్తిడి. అది వోల్టేజీ. గోనెగుడ్డ అడ్డం. మా స్టవ్వులో తీగ కూడా అట్లాంటి అడ్డమే. దిగే ధార కరెంటు. రోజూ సాయంత్రం తోటల మోటర్లన్నీ ఆ నీళ్ళు తాగేస్తాయి. మనకు ఎత్తు చాలదు, ధార రాదు, ఎసరు కాగదు. అందుకని మేం గుడ్డ సగం పీకినాం. తీగ సగం కత్తిరించినాం. ఈ పొద్దు వానొచ్చింది, మోటర్లు ఆపేసినారు, మిద్దె నిండింది. అడ్డం చూస్తే సగమే. ధార ఒక్కసారిగా వచ్చింది. ఆ గిన్నె దొర్లినట్టే ఫీజు పోయింది."

అవ్వ దొర్లిన గిన్నెను చూసింది, పైన తూమును చూసింది. "గిన్నె దొర్లింది నీళ్ళ ఎత్తు వల్లనా, ధార లావు వల్లనా?"

ఆ ప్రశ్న మా తరగతిలో ఎవరూ అడగలేదు, నాతో సహా. "రెండింటివల్లా అవ్వా. ఒకదాన్ని ఇంకోదానితో హెచ్చించాల. ఎసరు కాగేదీ ఆ లెక్కనే."

"మరి నా చక్రం?"

"అదీ ఆ లెక్కనే తిరుగుతాది. హెచ్చించినప్పుడు ఎంతొస్తే అంత జోరుగా."

చెప్పడం నాకు ఎంత బాగా కుదిరిందో అని నేను లోపల పొంగిపోతున్నాను. అవ్వ వక్కాకు ఒక దవడ నుంచి ఇంకో దవడకు మార్చుకుంది. పైనుంచి నూర్జహాన్ తడిసిన కోడిపిల్లలా తొంగి చూస్తోంది.

"అట్లయితే," అంది అవ్వ మెల్లగా, "మీరు వండినప్పుడల్లా నా చక్రం ఉరికి ఉండాల. నేను దినామూ దాని కిందనే కూర్చుంటా. ఉరకడం నాకు యాల కనపడలేదు?"

నేను తలెత్తి నూర్జహాన్ వైపు చూశాను.

"నేను దాన్ని చూడకుండా ఉండేది గ్రైండరు ఏసినప్పుడు ఒక్కటే." లాంతరు మళ్ళీ నా ముఖం దగ్గరికి వచ్చింది. "గ్రైండరు జోరులో మీ జోరు కలిపేసినారు. అవునా, కాదా?"

అంతవరకు ఆమె మమ్మల్ని ఒక్క సాయంత్రపు దొంగలనుకుంది. నేను అంత శ్రద్ధగా పాఠం చెప్పి, నెలల తరబడి సాగిన దొంగతనాన్ని నా నోటితోనే పట్టించాను. నిచ్చెన మీంచి నూర్జహాన్ అంది, "ఇంత బాగా చెప్పమని నీకెవురు చెప్పినారే?"

అవ్వ నవ్వలేదు. గిన్నె తీసుకుని, కడిగి, మా చేతికిచ్చింది. "అర్థమయ్యేటట్టు చెప్తే ఉండమంటిని. అర్థమైంది, ఉండండి. అర్థమైంది కాబట్టి ఇంక మీ ఆటలు సాగవు." అప్పుడే షరతులు కూడా చెప్పేసింది. కత్తిరించిన తీగ పారేసి నిండు తీగ వేయాలి. సంగటి ఆమెకు కూడా పెట్టాలి. గ్రైండరు ఇకమీద తెల్లవారుజామున, తోటల మోటర్లు నిద్రపోతున్నప్పుడు. సాయంత్రం వోల్టేజీలో దాని మూలుగు విని విని అది ముసలిదైపోయిందనుకున్నానని, పాపం దానికి తిండి చాలక మూలిగిందని ఇప్పుడు తెలిసిందని అంది. పారేస్తామన్న పొట్టి తీగను నూర్జహాన్ తెల్లవారి ఆ గ్రైండరు పక్కనే చెత్తబుట్టలో వేసింది. అవ్వ బుట్టలోకి వంగి చూసి మరీ నమ్మింది.

తర్వాత నేను పాలిటెక్నిక్‌లో చాలామంది పిల్లలకు అదే సూత్రం చెప్పాను. ఇప్పటి పిల్లలు తెలివైనవాళ్ళు, ఫోనులో రెండు అంకెలు కొడితే మూడోది వచ్చేస్తుంది. "అర్థమైంది మేడం" అని నేను అడగకముందే అనేవాళ్ళు. నేను బోర్డు తుడుస్తూ, అవ్వలా వీళ్ళలో ఒక్కరైనా దీంతో నన్ను పట్టుకుంటారా అని చూసేదాన్ని. ఒక్కరూ పట్టుకోలేదు. వాళ్ళ హాస్టల్లో ఇండక్షను స్టవ్వులు అనుమతితోనే ఉన్నాయి, వోల్టేజీ సాయంత్రం కూడా నిలకడగా ఉంటుంది, పాపం వాళ్ళకు దొంగతనం చేసే అవసరమే రాలేదు. నాకు అప్పుడప్పుడు వాళ్ళ మీద జాలి కలుగుతుంది. నా మనవరాలికి ఈ మాట చెబితే, "జాలి పడాల్సింది మీ మీద" అంది.

నిండు తీగ వేశాక సంగటికి మళ్ళీ గంటలు పట్టేది. అదే మాకు శిక్ష అని అవ్వకు తెలుసు. చాప తెచ్చుకుని స్టవ్వు పక్కనే కూర్చునేది, చక్రం కింద కూర్చోవడం తగ్గించింది. ఎసరు కాగేదాకా శనక్కాయలు ఒలుస్తూ, మేం ఆ రోజు నేర్చుకున్నది ఏదైనా ఉంటే తెలుగులో చెప్పమనేది. చెప్పలేకపోతే "అయితే నేర్చుకోలేదు" అనేది. అట్లా ఆమె ముందు నేను ఫెయిలైన పరీక్షలు చాలా ఉన్నాయి.

ఆ ఏడాది వచ్చిందల్లా ఆ ఒక్క వానే. ఎండాకాలం ముదిరాక ఒక సాయంత్రం ఎసరు ఉన్నట్టుండి తొందరగా తెర్లింది. బల్బు తెల్లగా వెలుగుతోంది. నూర్జహాన్ సంబరంగా పిండి డబ్బా అందుకుంది. నేను కిటికీలోంచి చూశాను. మబ్బు తునక కూడా లేదు. గాలి లేదు. తోటల వైపు నుంచి రోజూ వినిపించే మోటర్ల రొద సగానికి సగం పడిపోయి ఉంది.

అవ్వ శనక్కాయలు ఒలవడం ఆపి, తల ఎత్తి బల్బును చూసింది. "బోర్లు ఎండిపోయినాయి మే," అంది. "ఎవురెవురివో ఏమో."

మా పల్లె లైను వేరు, ఈ తోటల లైను వేరు, మా నాయన బోరుకూ దీనికీ సంబంధం లేదని నాకు తెలుసు. తెలిసినా చేతిలో కట్టె కదలలేదు. అవ్వే నా చేతిలోంచి తీసుకుని సంగటి గెలికి, మూడు ముద్దలు కట్టింది. ముగ్గురం తిన్నాం. శనివారం వస్తూనే ఊరికి బస్సెక్కాను.